లేసు టాపుకి ప్రోత్సాహం

ఇళ్ళలో బట్టలు కుట్టుకునే ఆడవాళ్ళని ప్రోత్సహించడానికి మా మండలి పుట్టింది. అంతకు ముందు వాళ్ళు ఎవరి ప్రోత్సాహమూ లేకుండానే కుట్టుకునేవాళ్ళు. అది ఎంత ప్రమాదకరమైన పరిస్థితో మాకు జీతాలు మొదలయ్యేదాకా ఎవరికీ తెలియలేదు.

పూర్తి పేరు గృహాంతర సూచీకర్మ ప్రోత్సాహక మండలి. రాజధానిలో ఎవరో పెద్దాయన ఫోనులో ఒక వీడియో చూశారట. అందులో ఒకావిడ పాత దుప్పటిని అరగంటలో గౌను చేసేసింది. ఆయన కదిలిపోయారు. వారం తిరక్కుండా "ఇంటికో మిషను, ఒంటికో టాపు" అనే నినాదం వచ్చింది. నెల తిరక్కుండా పదమూడు ప్రాంతీయ కార్యాలయాలు వచ్చాయి. అందులో ఒకటి మా గొల్లమెట్టలో, పాత సినిమా హాలు వెనక మేడ మీద ఉంది. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. నా పేరు అచ్యుతం.

ప్రోత్సహించాలంటే ఎవరు కుడుతున్నారో తెలియాలి. తెలియాలంటే దరఖాస్తు రావాలి. దరఖాస్తు లేకుండా కుట్టేస్తే ఆ కుట్టుని మండలి ప్రోత్సహించినట్టు రాసుకోవడం కుదరదు, మండలి లక్ష్యం దెబ్బతింటుంది. అందుచేత దరఖాస్తు చెయ్యకుండా ఇంట్లో బట్టలు కుట్టడాన్ని నిషేధించారు. ఈ వాక్యాలన్నీ నేనే టైపు చేశాను. రెండుసార్లు చదువుకున్నాను కూడా. నాకెక్కడా తప్పు కనిపించలేదు.

ఏప్రిల్ ఆఖరులో ఒక ఆదివారం మా ఆవిడ సత్యవేణి వసారాలో గుడ్డ పరిచింది. నిమ్మపండు రంగు మల్లు గుడ్డ, పల్చగా, అవతలి చెయ్యి కనిపించేలా ఉంది. పక్కన చిన్న చిన్న తెల్లటి ఊలు బంతులు వేలాడే లేసు చుట్ట. మా అమ్మాయి దివిజ మూడో తరగతి అయిపోయి సెలవుల్లో ఉంది. దాని వీపంతా చెమటకాయలు. పౌడరు రాసినా, గంధం రాసినా తగ్గలేదు. చెక్క స్కేలు వీపులోకి దూర్చి గోక్కుంటూ, లేసులో బంతులు లెక్కపెడుతోంది.

"చేతుల్లేకుండా, మెడ వదులుగా కుట్టేస్తాను. అంచుకీ మెడకీ ఈ బంతులు. రేపు సాయంత్రానికి వేసేసుకోవచ్చు," అంది సత్యవేణి.

"దరఖాస్తు చేశావా?" అన్నాను.

సత్యవేణి కత్తెర కింద పెట్టింది. "మా అమ్మిచ్చిన మిషను. నేను కొనుక్కున్న గుడ్డ. నేను కన్న పిల్ల. మజ్జిలో మీ ఆఫీసేంటండీ?"

"ప్రోత్సాహం."

"నాకొద్దు."

"వద్దనడానికి వేరే దరఖాస్తు ఉంది. అది ఇంకా అచ్చయి రాలేదు."

మండలి ఉద్యోగి భార్యే ప్రోత్సాహం లేకుండా కుట్టిందని తెలిస్తే నన్ను సస్పెండు చేస్తారని చెప్పాను. సత్యవేణి గుడ్డ మడతపెట్టి, పెన్ను అడిగింది.

దరఖాస్తులో ఏడో ప్రశ్న, "కుట్టు పని ఇంట్లోనే జరుగునా?" అని. మా మిషను వసారాలో ఉంటుంది. అక్కడ వెలుతురు, కాస్త గాలి ఉంటాయి. మండలి నిర్వచనం ప్రకారం నాలుగు వైపులా గోడలు లేనిది ఇల్లు కాదు. అందుకని మిషను నడింట్లోకి మార్చాం. అక్కడ ఫ్యాను వేస్తే గుడ్డ ఎగిరిపోతుంది, వెయ్యకపోతే మనిషి ఉడికిపోతుంది. వేసవి టాపు కుట్టడానికి ఇది తగిన స్థలమని పరిశీలనలో తేలింది.

పరిశీలనకి మా ప్రాంతీయ సంచాలకులు భీమశంకరంగారు స్వయంగా వచ్చారు. ఆయన అంతకు ముందు చేపల శాఖలో ఉండేవారు. కుట్టు గురించి బొత్తిగా తెలియదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటారని ఇక్కడికి వేశారు. వెనక మా అటెండరు లోవరాజు టేపు పట్టుకుని వచ్చాడు. లోవరాజుకి రిటైరుమెంటు ఇంకా రెండేళ్ళుంది, ఏ విషయానికీ ఎదురు చెప్పడు.

"మీరు దరఖాస్తుదారు భర్తా?" అని నన్ను అడిగారు భీమశంకరంగారు.

"చిత్తం సార్."

"ఏం చేస్తుంటారు?"

"మీ దగ్గరే పనిచేస్తుంటాను సార్."

"నమోదు చేసుకోండి," అన్నారు. నేను నమోదు చేసుకున్నాను.

లోవరాజు దివిజ కొలతలు తీశాడు. ఛాతీ ఇరవై నాలుగు అంగుళాలు, భుజం నుంచి అంచుకి పద్దెనిమిది. భీమశంకరంగారు ఆ అంకెల కింద సంతకం పెట్టి, టేపుని కవరులో పెట్టించి లక్కముద్ర వేయించారు.

"పక్క కుట్ల లోపల రెండేసి అంగుళాలు గుడ్డ వదిలేసి కుడతానండి," అంది సత్యవేణి. "వచ్చే వేసవికి ఆ కుట్టు విప్పేసుకుంటే మళ్ళీ సరిపోద్ది."

"ఎందుకు?"

"పెరిగే పిల్ల కదండీ."

భీమశంకరంగారి పెన్ను ఆగింది. "పెరుగుతుందని దరఖాస్తులో ఎక్కడా పేర్కొనబడలేదే?"

మా వైపు ఏ తల్లీ పిల్లల బట్టలు ఉన్న ఒంటికి కుట్టదు, రాబోయే ఒంటికి కుడుతుంది. నా చిన్నప్పుడు మా అమ్మ నా చొక్కాల్లో వదిలిన గుడ్డతో ఇంకో చొక్కా అయ్యేది. ప్రతి జూన్‌లోనూ కుట్టు విప్పి, లోపల్నించి కొత్త రంగు గుడ్డ బయటికి తీసి, పక్కల రెండు గీతల్లా కొత్తగా, మధ్యలో పాతగా కనిపించే చొక్కా తొడిగి బడికి పంపేది. నేను ఎంత పెరిగానో వీధి మొత్తానికి తెలిసేది. ఇదంతా సార్‌కి చెబుదామనుకున్నాను. కానీ నేను అప్పుడు ఉద్యోగిగా ఉన్నానో, దరఖాస్తుదారు భర్తగా ఉన్నానో తేల్చుకోలేక ఊరుకున్నాను.

భీమశంకరంగారు తీర్పు చెప్పారు. "సదరు రెండంగుళాల గుడ్డ వచ్చే ఆర్థిక సంవత్సరానికి చెందిన శరీరం నిమిత్తం ఉద్దేశింపబడినది. ఈ సంవత్సరపు ప్రోత్సాహంతో వచ్చే సంవత్సరపు శరీరాన్ని కప్పుట నిబంధనలకు విరుద్ధం. అంతేకాక, పని పూర్తయ్యేవరకు బాలిక యథాతథ స్థితిలో కొనసాగునట్లు హామీ పత్రం సమర్పించవలెను."

హామీ పత్రం నేనే రాశాను. "నేను, దివిజ, మూడవ తరగతి, టాపు పూర్తయ్యేవరకు పొడవులోగాని, వెడల్పులోగాని పెరగనని ఇందుమూలముగా తెలియజేసుకుంటున్నాను." దివిజ సంతకం పెట్టబోతూ తలెత్తింది.

"నాన్నా, పళ్ళు ఊడొచ్చా? ఒకటి కదుల్తోంది."

నేను సార్ వైపు చూశాను. ఆయన ఆలోచించి, "తగ్గుదల విషయంలో మండలికి అభ్యంతరం లేదు," అన్నారు.

తరువాత లేసు దగ్గర చిక్కొచ్చింది. వేసవి టాపు ఉద్దేశం చల్లదనం. మరి లేసు చల్లబరచునా? చల్లబరచని పక్షంలో అది అలంకారం. అలంకారాన్ని ప్రోత్సహించే అధికారం మాకు ఉందో లేదో ఉత్తర్వుల్లో లేదు. దీనిమీద ఉపసంఘం వేశారు. అధ్యక్షులు భీమశంకరంగారు, కార్యదర్శి నేను, ప్రజల తరఫున సభ్యుడు లోవరాజు.

ఉపసంఘం శాస్త్రీయంగా పోవాలని తీర్మానించుకుంది. మే నెల పదకొండో తేదీన మధ్యాహ్నం ఒంటిగంటకి నన్నూ లోవరాజునీ ఆఫీసు డాబా మీద ఎండలో కుర్చీల్లో కూర్చోబెట్టారు. లోవరాజు మెడ చుట్టూ లేసు కట్టారు. నాకు కట్టలేదు. అధ్యక్షులవారు కింద ఏసీ గదిలో ఉండి, గంట తరవాత ఫోను చేశారు.

"ఎలా ఉంది?"

"చెమట పోస్తోంది సార్," అన్నాను.

"లేసు గల సభ్యుణ్ణి ఇవ్వండి."

లోవరాజు ఫోను తీసుకున్నాడు. "ఆయ్, నాకూ పోత్తందండి. మెడ మీద దురదగా కూడా ఉందండి. కానీ చూసుకుంటే మనసుకి బాగుందండి."

"లేసు వలన మానసిక శీతలీకరణ జరుగుచున్నట్లు నిర్ధారణ అయినది" అని నివేదిక రాసి, లేసుకి అనుమతి ఇచ్చాం. నాకు రెండు రోజులు వడదెబ్బ జ్వరం. లోవరాజుకి ఏమీ కాలేదు. ఈ విషయం నివేదికకి అనుబంధంగా చేర్చాం.

ఇంత చేసేసరికి మే నెల ఇరవై దాటింది. పని మొదలుపెట్టే ముందు కొలతలు సరిచూడాలి. లక్కముద్ర విప్పి, టేపు తీసి లోవరాజు దివిజకి చుట్టాడు. తరవాత టేపు మళ్ళీ చుట్టాడు.

"ఆయ్... అర అంగుళం ఎక్కువొత్తందండి."

ఉల్లంఘన జరిగితే మెమో ఇవ్వాలి. పిల్ల మైనరు కాబట్టి తండ్రికి ఇవ్వాలి. మెమోలు టైపు చేసేది నేను. "మీ కుమార్తె ఎదుగుదలను సకాలంలో ఎందుకు అరికట్టలేదో ఇరవై నాలుగు గంటలలోగా వివరణ ఇవ్వవలెను" అని టైపు చేసి, సార్ చేత సంతకం పెట్టించి, నాకు నేను అందజేసుకుని, అందినట్టు సంతకం తీసుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళి వివరణ రాశాను. మా మామగారు రెండు బుట్టల కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళు పంపారనీ, అవి పాడైపోతాయని తినిపించాల్సి వచ్చిందనీ, పెరుగుదల ఉద్దేశపూర్వకం కాదనీ. "ఇకమీదట జాగ్రత్త వహించునది" అని మర్నాడు సార్ హెచ్చరించి, పాత కొలతలకే కుట్టమన్నారు.

సత్యవేణి ఆ మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రం దీపాలవేళకి లేచింది. రోహిణి కార్తె. నడింట్లో ఫ్యాను ఆపేసి, మొహం మీది చెమట గుడ్డ మీద పడకుండా తలకి తువ్వాలు కట్టుకుని కుట్టింది. భుజాల దగ్గర సన్నటి కుచ్చులు, మెడ చుట్టూ ఒక వరస బంతులు, అంచున ఒక వరస. నేను మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూస్తే పక్క కుట్ల లోపల రెండేసి అంగుళాలు గుడ్డ ఉంది. మండలిలో చేరాక మొదటిసారి, చూసింది చూడలేదని రాశాను.

కానీ భీమశంకరంగారు మర్నాడు వచ్చి టాపుని తిరగేసి చూశారు. చేపల శాఖలో ఉన్నప్పుడు మొప్పలెత్తి చూసే అలవాటట. కుట్టు లోపల వేలుపెట్టి ఆ మడత బయటికి లాగారు.

"దాచిన గుడ్డ!" అన్నారు. ఆయన గొంతులో కోపం కన్నా సంతోషం ఎక్కువ వినిపించింది. "సాక్ష్యంగా స్వాధీనపరచుకొనడమైనది."

దివిజ అప్పటికే పాత గౌను సగం విప్పేసి నిలబడి ఉంది. "ఒక్కసారి వేసుకుని ఇచ్చేస్తానండి," అంది.

"సాక్ష్యం మీద చెమట పడరాదు పాపా," అన్నారు ఆయన. లోవరాజు టాపుని కవరులో పెడుతూ నా మొహం చూడలేదు. నాకు చాలా సిగ్గేసింది. పన్నెండేళ్ళ సర్కారు ఉద్యోగంలో అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. సత్యవేణి ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేసింది.

టాపుని సార్ గదిలో గాజు బీరువాలో పెట్టారు. కింద "నిబంధనల ఉల్లంఘన" అని చీటీ. ఆఫీసులో ఏసీ ఉన్నది ఆ గది ఒక్కటే.

"నాన్నా, నా టాపు ఏం చేస్తోంది?" అని దివిజ రోజూ అడిగేది.

"ఏసీలో ఉందమ్మా."

"దానికి చెమటకాయలు లేవుగా?" అనేది, స్కేలుతో వీపు గోక్కుంటూ.

జూన్ మొదటివారంలో రాజధాని నుంచి కమిషనరుగారు తనిఖీకి వచ్చారు. తెల్లటి జుట్టు, ఎప్పుడూ ఆనందంగా ఉండే మనిషి. ఇప్పటివరకు ఎన్ని టాపులు పూర్తయ్యాయని అడిగారు. మిగతా దరఖాస్తులన్నీ రకరకాల దశల్లో ఉన్నాయి. నలభై మంది పిల్లలు పెరగబోమని సంతకాలు పెట్టి మరీ పెరిగేశారు. భీమశంకరంగారు నీళ్ళు నములుతుండగా కమిషనరుగారి చూపు బీరువా మీద పడింది.

"అద్భుతం! నేను కలగన్నది ఇదేనయ్యా!"

భీమశంకరంగారు ఒక్క అడుగు పక్కకి వేసి చీటీకి అడ్డంగా నిలబడ్డారు. ఆ సాయంత్రం నేను కొత్త చీటీ రాశాను: "ఆదర్శ టాపు." పదమూడు ప్రాంతాల్లోనూ పూర్తయింది ఇదొక్కటే కాబట్టి ఇక దీన్ని ఎవరికీ తిరిగి ఇచ్చే ప్రశ్న లేదు. కమిషనరుగారు వెళ్ళే ముందు ఇంకో మాట అన్నారు. టాపు ఊరికే వేలాడుతుంటే ఏం తెలుస్తుంది, బట్టల కొట్టులో లాగా ఒక బొమ్మకి తొడిగి పెట్టండి, మళ్ళీ సోమవారం వచ్చి ఫోటో తీయించుకుంటాను అని.

బొమ్మ కావాలంటే ఇండెంటు పెట్టాలి, రావడానికి మూడు నెలలు. బజారులో బట్టల కొట్లలో ఉన్నవన్నీ పెద్ద బొమ్మలు. శనివారం నాటికి భీమశంకరంగారికి నిద్ర కరువై కళ్ళు ఎర్రబడ్డాయి.

"నా దగ్గర ఒకటుంది సార్," అన్నాను.

"కొలతలు?"

"సరిగ్గా సరిపోతుంది సార్. దాని కొలతలకే ఈ టాపు కుట్టారు."

"వెంటనే ఫైలు పెట్టండి."

పెట్టాను. "ఎనిమిదేళ్ళ బాలిక సైజు బొమ్మ ఒకటి, చర్మం రంగు చామనఛాయ, పైవరసలో ఒక పన్ను లేదు, స్థానికంగా ఉచితంగా లభ్యం." సార్ సంతకం పెట్టేశారు. నేను రాసిన నోట్లలో నాకు బాగా నచ్చినది అదే.

సోమవారం పొద్దున్నే సత్యవేణి దివిజ చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. బీరువా తాళం తీసి, టాపు తీసి తొడిగాను. గదిలోకి వచ్చిన భీమశంకరంగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది... దరఖాస్తుదారు కూతురు కదయ్యా?"

"ఫైల్లో బొమ్మ అని ఉంది సార్. తమరే ఆమోదించారు." ఫైలు తెరిచి చూపించాను.

ఆయన దివిజని చూశారు. తన సంతకాన్ని చూశారు. మళ్ళీ దివిజని చూశారు. సంతకం కింద తేదీ కూడా ఉంది. "అయితే బొమ్మే," అన్నారు నెమ్మదిగా.

కమిషనరుగారు ఫోటోగ్రాఫరుతో వచ్చేసరికి దివిజ బీరువా పక్కన చేతులు దూరంగా పెట్టి నిలబడి ఉంది. ఏసీ చల్లగాలికి అంచున బంతులు ఊగుతున్నాయి. నెలన్నర తరవాత అది గోక్కోకుండా ఉండడం అప్పుడే చూశాను. నా కళ్ళు చెమ్మగిల్లాయి, ఫైలు అడ్డం పెట్టుకున్నాను. నాలుగు ఫోటోలు తీశాక బొమ్మ తుమ్మింది.

"తుమ్ముతుందే!" అన్నారు కమిషనరుగారు.

"ఏసీ పడలేదండి," అంది బొమ్మ.

"మాట్లాడుతుందే!" ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "భీమశంకరంగారూ, ఇంత నాణ్యమైన బొమ్మ రాజధానిలో కూడా లేదయ్యా!"

"మండలి ప్రోత్సాహమే సార్," అన్నారు భీమశంకరంగారు. అప్పటికి ఆయన పూర్తిగా నమ్మేశారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ సత్యవేణి "రావే, పోదాం" అంది. దివిజ వెళ్ళి చెయ్యందుకుంది. ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు.

"బొమ్మ వెళ్ళిపోతోంది!" అన్నారు భీమశంకరంగారు.

"గేట్ పాస్ రాశాను సార్," అని చూపించాను. "బొమ్మ ఒకటి, టాపుతో సహా. బయటికి పంపు కారణం: ఆడుకొనుటకు." మెట్ల కింద లోవరాజు రెండో ప్రతి మీద ముద్ర కొట్టి, గేటు బార్లా తీసి పట్టుకున్నాడు.

కమిషనరుగారు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. ఎండలో బంతులు ఎగరేసుకుంటూ మా అమ్మాయి సందు చివరికి పరిగెత్తింది. ఆయన నా వైపు తిరిగారు.

"ఎక్కడ తయారైందయ్యా ఇది?"

"మా ఇంట్లోనే సార్."

"గృహాంతర తయారీ!" అన్నారాయన. "మిగతా పన్నెండు కార్యాలయాలకీ ఒక్కొక్కటి కావాలి. ఈ ఆర్థిక సంవత్సరంలోనే అందాలి. మీరే సరఫరా చెయ్యాలి."

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. నేనే టైపు చేశాను. "ఇదే నమూనాలో పన్నెండు బొమ్మలను మార్చి నెలాఖరులోగా గృహమునందే తయారుచేసి అందజేయునది. సాధ్యం కానిచో ఇరవై నాలుగు గంటలలోగా వివరణ ఇవ్వవలెను."

సాయంత్రం ఇంటికెళ్ళి మెమో సత్యవేణి చేతిలో పెట్టాను. మెడ మీద బంతులు చెంపలకి తగులుతుంటే దివిజ వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. సత్యవేణి మెమో ఒకసారి చదివింది. పన్నెండు అన్న మాట దగ్గర ఆగి ఇంకోసారి చదివింది. రెండు వారాల తరవాత నాతో మాట్లాడింది.

"ముందు మీ భీమశంకరంగారిని ఒకటి కని చూపించమనండి," అంది.

వివరణకి ఇంకా గడువు ఉంది. కానీ అంతకన్నా మంచి వివరణ నాకు తోచలేదు. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు టైపు చేసి, కింద "తమ తదుపరి చర్య నిమిత్తం" అని చేర్చి, సార్ బల్ల మీద పెట్టి వచ్చాను.